మిరపగింజ ఎవరిది

మా హైస్కూల్ ఆయమ్మ వరండా ఊడుస్తూ వచ్చి, నేను పాఠం చెబుతుంటే గుమ్మం దగ్గర చీపురు ఆపేసేది. పాఠం అయ్యేదాకా అక్కడే నిలబడి వినేది.

ఒకరోజు పరమాణు నిర్మాణం చెబుతున్నాను. నడుమ కేంద్రకం, చుట్టూ దూరంగా ఎలక్ట్రాన్లు ఉంటాయనీ, ఆ అమరికను బట్టే ఇనుము ఇనుములా, రాగి రాగిలా ప్రవర్తిస్తాయనీ చెప్పాను. కేంద్రకం ఎంత చిన్నదో బోర్డు నిండా సున్నాలు వేసి చూపిస్తే పిల్లలు ఆవలించారు.

"మన గ్రౌండంత పరమాణువైతే, నడుమది మిరపగింజంత ఉంటదా సారూ?" అంది ఆయమ్మ.

మనసులో లెక్కేశాను. సరిపోయింది. అయినా, "ఏంది ఆయమ్మా, ఇక పాఠం కూడా నువ్వే చెబుతావా?" అన్నాను. పిల్లలు ఘొల్లుమన్నారు. మర్నాటి నుంచి ఆ చీపురు మా గుమ్మం దగ్గర ఆగలేదు.

ఆ గింజను మాత్రం నేను వదల్లేదు. గురజాల ట్రైనింగ్‌లో చెబితే టీచర్లందరూ చప్పట్లు కొట్టారు. ఆలోచన నాదేనన్నాను.

ఈ ఏడాది ఆ పాఠం రోజున ఆమెను క్లాసులోకి పిలిచి, పిల్లల ముందే నిజం చెప్పాను. తప్పయిందన్నాను.

"గింజ నాదేంది సారూ, మిరపకాయది," అని నవ్వింది. తర్వాత పిల్లలతో గ్రౌండ్‌లోకి వెళ్లాం. ఆమె నడుమ కూర్చుని, తనే ఒక మిరపగింజ పెట్టింది. పిల్లల్ని ఎలక్ట్రాన్లుగా గోడల వైపు తరిమింది.

"ఆగమాకండ్రా, ఇంకా పోవాల!"

"ఆయమ్మా, గింజ కనపడట్లా!" అని గోడ దగ్గర్నుంచి ఒక పిల్ల అరిచింది.

"కనపడకపోతే ఏందే? ఉంది!"

మర్నాడు పాఠం మధ్యలో మా గుమ్మం దగ్గర చీపురు చప్పుడు ఆగింది.