వంటగదిలో టిక్కుటిక్కుమన్నవి

నాగోల్‌లో మా ఫ్లాటు వంటగదికి కొత్త గ్రానైట్ వేయిస్తున్న రోజులవి. రాతిలోంచి రేడియేషన్ వస్తుందని ఎవరో ఫోన్లో పంపిన వీడియో చూసి మా అత్తయ్య బెంబేలెత్తారు.

"ఆ బండ మీద చపాతీలు చెయ్యమంటావా? నావల్ల కాదమ్మాయ్," అన్నారు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. రాళ్లలో యురేనియం, థోరియం రవ్వంత ఉంటాయని ఏటా చెప్పడమే గానీ ఎన్నడూ కొలిచి చూడలేదు. అత్తయ్య భయం వంకతో కాలేజీ ల్యాబులోని రేడియేషన్ మీటరు అడిగి తెచ్చాను.

బండ కోయడానికొచ్చిన మేస్త్రీది నల్లగొండ వైపు ఊరు. నా చేతిలో మీటరు చూసి మిషన్ ఆపేశాడు.

"ఏంది మేడం గది?"

చెప్పాను. ఉత్త గాలిలోనే అది అప్పుడొకటీ ఇప్పుడొకటీ టిక్కుమంటోంది. బండకు ఆనిస్తే కాస్త హెచ్చింది.

"గాలిల గూడ ఉన్నదా!"

"అంతటా ఉంటుందండీ. మన ఒంట్లో కూడా. ఇంత కొంచెంతో ప్రమాదమేమీ లేదు."

ఇక అతను ఆగలేదు. ఇటుక మీద పెట్టమన్నాడు, తన టిఫిన్ డబ్బా మీద పెట్టమన్నాడు. అత్తయ్య బీపీ కోసం వాడే ఉప్పు ప్యాకెట్ విప్పి పెడితే మీటరు బండ మీద కంటే గబగబా కొట్టుకుంది. ప్యాకెట్ తిప్పి చదివాను. అప్పుడు తట్టింది: అది సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు. పొటాషియంలో రేడియేషన్ ఇచ్చే గుణం పుట్టుకతోనే కొంత ఉంటుంది. అరటిపండులో ఉన్నదీ అదే.

"రోజూ తింటున్నానే!" అన్నారు అత్తయ్య. ఒళ్లు కావలసినంత ఉంచుకుని మిగతాది పంపేస్తుందని చెప్పాక గానీ కుదుటపడలేదు.

"మరి ఇరవై ఏండ్ల సంది రాయి కోస్తున్న. నాకేమన్న అయితదా?" అని మేస్త్రీ దగ్గాడు. అతని కనుబొమ్మలు కూడా దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి.

"రేడియేషన్‌తో కాదు, ఈ దుమ్ముతోనే భయం. నీళ్లు పోస్తూ కొయ్యండి. ఒకసారి దవాఖానాలో చూపించుకోండి."

వారం తర్వాత ఫోన్ చేశాడు. "ఛాతి ఫొటో తీసిండ్రు మేడం. దుమ్ము పట్టింది గానీ ముదరలేదన్నరు. ఇప్పుడు మాస్క్ పెడుతున్న, నీళ్లు పోస్తున్న." అని చెప్పి, "గా మీటరు మల్ల తెస్తరా? ఎర్రబండ మీద చూడాలె," అన్నాడు.

ఆదివారం పెద్ద అంబర్‌పేట్‌లో అతనికి తెలిసిన రాళ్ల గోడౌనుకు వెళ్లాం. ఎర్రబండ పక్కనున్న నల్లబండ కంటే ఎక్కువే పలికింది. మీటరు అతని చేతికిచ్చి నేను పక్కన నిలబడ్డాను. ఒక్కో బండ దగ్గరా వంగి, పెదవులు కదుపుతూ అతనే టిక్కులు లెక్కపెట్టాడు.