పరుచుకోని సీసపు గుండు

నా చిన్నప్పుడు, అంటే మా ఊళ్లోకి సెల్‌ఫోన్లు ఒక్కొక్కటిగా వస్తున్న రోజుల్లో, నాగల్‌గిద్ద దగ్గర మాకు నాలుగెకరాల కంది చేను ఉండేది. పంట కావలి కోసం మా తాతయ్యకు లైసెన్సు ఉన్న ఒంటి గొట్టం తుపాకీ ఉండేది. దానికి కావలసిన సీసపు గుండ్లు ఆయనే కరిగించి పోసుకునేవాడు. ఆ ఏడు అడవి పందుల బెడద మరీ ఎక్కువై, వాటిని కాల్చడానికి అనుమతి కూడా వచ్చింది. అయినా తాతయ్య వారం రోజులు చేనులో కూర్చుని ఒక్క గుండూ పేల్చకుండా తిరిగొచ్చాడు. అడిగితే "దగ్గరికి రాలే" అనేవాడు, అంతే.

నాకప్పుడు పదేళ్లు. నోటికి మాత్రం ముప్పై ఉంటాయి. తాతయ్య జ్వరంతో పడుకున్న రోజు మా చిన్నాయన ఆ తుపాకీ తీసుకుని కావలికి బయల్దేరితే నేనూ వెంటపడ్డాను. పొద్దు గుంకే వేళ అవతలి గట్టు దగ్గర ఒక పంది కనబడింది. చాలా దూరమని చిన్నాయన వెనకాడాడు. "నీకు గూడ తాత లెక్కనే భయమా, చిన్నాయనా?" అన్నాను. ఆయన పేల్చేశాడు. పంది ఒక్కసారి తూలి కందిలోకి దూరిపోయింది.

తెల్లవారితే ఆ చేనుకే కోతకు ఆడవాళ్లు రావాలి. గాయపడ్డ పంది మనిషి మీద పడుతుందని మా వైపు అందరికీ తెలుసు. సంగతి విని తాతయ్య ఎవరినీ తిట్టలేదు. తెల్లారగానే జ్వరంతోనే లేచి, "తుపాకి నాది. నేనే పోవాలె" అన్నాడు. కూలీలను ఆపమని చిన్నాయనను దారిలో నిలబెట్టాడు. నేను గట్టు పక్కన ఎద్దులు విప్పిన బండి ఎక్కి చూస్తున్నాను. మనిషెత్తు కందిలో ఆయన తలపాగా కాసేపు కనిపించింది, తర్వాత కనిపించలేదు. నా మాట వల్లనే ఆయన అందులోకి పోయాడు. భయంతో నాకు ఏడుపు కూడా రాలేదు. ఎంతోసేపటికి ఒక్క చప్పుడు వినిపించింది. ఆ తర్వాత తలపాగా మళ్లీ పైకి తేలింది.

పంది రాత్రంతా బతికే ఉందట. అది చెబుతున్నప్పుడు తాతయ్య మా ఇద్దరి మొహాలూ చూడలేదు.

చిన్నాయన మాత్రం ఊరుకోలేదు. "సరిగ్గనే తాకింది గద నాయినా, ఎందుకు పడలే?" అని తప్పును తుపాకీ మందు మీదికి నెట్టాడు. జ్వరం తగ్గాక తాతయ్య తడి రేగడి మట్టిని రెండు ఎరువు సంచుల్లో కూరించి, ఒకటి ముప్పై అడుగుల దూరంలో, ఇంకోటి అవతలి గట్టు దగ్గర పెట్టించాడు. రెండింటినీ తనే కొట్టి, గుండ్లు మమ్మల్ని తవ్వి తీయమన్నాడు. దగ్గరి సంచిలో పిడికిలి పట్టేంత గుంత పడింది. అందులోని గుండు అణిగి, అంచులు చీలి పరుచుకుంది. దూరపు సంచిలో వేలు దూరేంత రంధ్రం. దాంట్లోని గుండు పోసినప్పటిలాగే గుండ్రంగా ఉంది.

"అవ్వ రొట్టె కొట్టుడు చూసినవా? గట్టిగ చరిస్తెనే ముద్ద పరుసుకుంటది. మెల్లగ తడితె ముద్ద ముద్దనే ఉంటది. సీసం గూడ గంతే. దూరం పోయినకొద్ది గుండు జోరు తగ్గుతది. తాకుతది గని పరుసుకోదు. జీవం జల్దీ పోదు" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "నేను భయపడి ఆగలే బిడ్డా" అన్నాడు. నేనన్న మాట చిన్నాయన ఆయనకు చెప్పేశాడని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చితికిపోయాను.

పరుచుకున్న గుండు చిన్నాయన ఉంచుకున్నాడు. గుండ్రంగా మిగిలినదాన్ని నేను తీసుకున్నాను. తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు నారాయణఖేడ్‌లో బట్టలు కుడతాను, పిల్లలు బడికి పోతున్నారు. ఆ గుండు నా మిషన్ సొరుగులో దారపు కండెల మధ్య ఉంది. ఎవరినైనా "భయమా?" అని ఉసిగొల్పబోతే మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. కందిలో మునిగిపోయిన ఆ తలపాగా గుర్తొస్తుంది.