ఈశాన్యం దిక్కు పోయిన నాలుగు రోజులు

నిన్న పొద్దుగాల నేను అమ్మిన పాత కారు తీస్కపోనీకె సంతోష్‌నగర్ నుంచి మెకానిక్ భాయ్ వచ్చిండు. లోపట నా సామానేమన్న ఉంటే తీసుకొమ్మని చెప్పి, ముందటి సీటు కాడి డబ్బా తెరిచిండు. "ఏంది మేడమ్, గుడి వాసనొస్తుంది?" అన్నడు. నువ్వుల నూనె వాసన అది. ఎనిమిదేండ్లాయె, ఎన్నిసార్లు కడిగిపిచ్చినా పోలే. మూలకు ఒక వత్తి గూడ దొరికింది, మా బాపు చేత్తోని చేసింది. దాన్ని కొంగున కట్టుకొని, మెకానిక్‌ను కూసోబెట్టి చాయ్ పెట్టిన గని నా మనసు ఇంట్ల లేదు.

మా బాపు పురానాపూల్ కాడ ఒక గుళ్ళె అరవై ఏండ్లు పూజ చేసిండు. మా అన్న గూడ అండ్లనే. ఇద్దరు కలిసి చేస్తున్నప్పుడే లొల్లి మొదలైంది. ఒకరి పేరున చెయ్యాల్సిన అర్చన బాపు ఇంకొకరి పేరున చేస్తుండని, హారతి ఇచ్చినోళ్ళకే మళ్ళ ఇస్తుండని భక్తులు అన్నకు చెప్పవట్టిరి. ఎనభై రెండేండ్లొచ్చినయ్, ఇగ గుళ్ళెకు రావద్దని చెప్దామా అని అన్న నన్నడిగిండు. గుడి తప్ప వేరే లోకం తెలువని మనిషిని ఇంట్ల కూసోబెడితే ఏమైతడో నాకు తెలుసు, అన్నకు గూడ తెలుసు. నేను అప్పుడే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్న, యాభై దాటినంక నడుపుడు నేర్చుకున్న. పాత ఊర్లు, పాత గుళ్ళు తిరగాల్నని బాపుకు ఎప్పటిసందో కోరిక. రోజు పూజ ఇడిశిపెట్టి ఏడికి పోతడు? నాలుగు రోజులు తిప్పుకరా, పక్కనుండి చూడు, నిజంగ మర్చిపోతుండా లేదా నువ్వే చెప్పు, నీ మాటే ఖాయం అన్నడు అన్న. ఆడిపిల్లనని చిన్నప్పుడు గర్భగుడి గడప లోపటికి రానియ్యలే గని, గింత బరువు మాత్రం నా నెత్తిన పెట్టిండ్రు. నాకు మస్తు కోపమొచ్చింది, అయినా సరేనన్న.

సైదాబాద్ల మా ఇంటి నుంచి ఎండ ఎక్కకముందే బయలెల్లినం. బాపు ముందు సీట్ల కూసొని ఒళ్ళె స్టీలు డబ్బా పెట్టుకున్నడు. నూనె సీసా, వత్తులు, అగ్గిపెట్టె, మట్టి ప్రమిదలు. దీపం లేని గుడి కనపడితే దీపం పెట్టకుంట ముందుకు పోవద్దని ఆయన పట్టు. హైవే మీద లారీ పక్కకొస్తే నాకంటె ముందుగాల ఆయన కాలు బ్రేకు తొక్కుతుండె, ఆ దిక్కు బ్రేకు లేకపోయినా. "మెల్లగ పోనియ్యి బిడ్డా, మనల్ని ఎవరన్న తరుముతున్నరా" అనుకుంట యాభై దాటనియ్యలే. మోసంబీల కాడ ఆగినం, చింతచెట్టు నీడకు పులిహోర తిన్నం, కోటగోడ రాళ్ళతోని కట్టుకున్న ఇండ్ల ముందట నిలవడి వాళ్ళతోని ముచ్చట పెట్టినం. ఊర్లు తిరుగుడంటే గిదే అని ఆయనకు మస్తు సంతోషం. నేను మాత్రం ఆయన ప్రతి మాటను పరీక్ష పేపరు దిద్దినట్టు వింటున్న.

పూజకు ముందు సంకల్పం చెప్తరు గదా, మనం ఏడ ఉన్నం, ఏ యేడు, ఏ మాసం, ఏ తిథి, ఎవరి పేరున అని దేవునికి విన్నవించుకునుడు. మనమున్న చోటు శ్రీశైలానికి ఏ మూలకుందో అండ్ల చెప్పాలె. హైదరాబాద్ వాయవ్యం. అరవై ఏండ్లు బాపు "శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే" తప్ప ఇంకో తీరు అన్లె. సూర్యాపేట దిక్కు పోతుంటె, మనం వాయవ్యం ఇడిశి ఈశాన్యంల పడుతున్నం బిడ్డా అని సంబురపడ్డడు. ఇన్నేండ్లకు నోటికి కొత్త మాట దొరికిందన్నడు. దారి పొడుగూత దాన్నే నాలుగైదుసార్లు అనుకొని చూసుకున్నడు.

పిల్లలమర్రిల పెద్ద గుళ్ళు చూసినంక, ఊరి బయట పాడువడ్డ చిన్న గుడి కనపడితే దీపం పెట్టిండు. సంకల్పంల మాత్రం వాయవ్యమనే అన్నడు. అరవై ఏండ్ల అలవాటు, నోరు అటే పోయిందిలే అనుకున్న. తెల్లారి ఇంకో ఊర్ల గూడ గంతే. అన్న ఫోన్ చేస్తే, మంచిగనే ఉన్నడు, ఫికర్ చెయ్యకని పెట్టేసిన. అది అబద్ధమో నిజమో నాకే తెల్వలే.

నాలుగో రోజు ఘనపురం అవతల ఒక ఊర్ల, పత్తి చేన్ల నడుమ నల్లరాతి గుడి. ద్వారం మీది చెక్కడం చూసి బాపు చాలాసేపు నిలవడ్డడు, రాతిని చేత్తోని నిమిరిండు. లోపటికి పోయి, ప్రమిదల నూనె పోసి, వత్తేసి సంకల్పం అందుకున్నడు. "శ్రీశైలస్య..." అని ఆగిండు. మళ్ళ "శ్రీశైలస్య" అన్నడు. ఇగ ముందుకు పోలే. నేను గడప బయట నిలవడ్డ. ఆయన వెనకకు తిరగకుంటనే అడిగిండు.

"మీ అన్న నన్ను చూసి రమ్మన్నడు గదా. ఏం చెప్తవ్ బిడ్డా?"

నాలుగు రోజుల సంది ఆయనకు తెలుసు. తెలిసే నా పక్కన కూసొని మోసంబీలు ఒలిచి పెట్టిండు. నేను "ఈశాన్య ప్రదేశే" అన్న. ఆ తర్వాతి మాట గూడ అన్న, దాని తర్వాతిది గూడ. చిన్నప్పటి సంది మా గుళ్ళె స్తంభం కాడ పూలు కట్టుకుంట విన్నవే, ఎవరు నేర్పలే. బాపు వెనకకు తిరిగి నన్ను చూసి, మళ్ళ దేవుని దిక్కు తిరిగి, నా వెంట చెప్పుకుంట పూజ పూర్తి చేసిండు. బయటికొచ్చి, "నీకు నేర్పకపాయె" అని ఒక్కటే అన్నడు.

అన్నతోని నిజమే చెప్పిన, మర్చిపోతుండని. ఇంకోటి గూడ చెప్పిన, రోజు పొద్దుగాల ఆఫీసుకు పోయేముందు నేనొచ్చి స్తంభం కాడ కూసొని, బాపు మర్చిపోయిన మాట అందిస్తనని. అన్న ముందుగాల మొఖం మాడ్చుకున్నడు, ఆడోళ్ళు అందియ్యుడేందన్నడు, తర్వాత ఒప్పుకున్నడు. రెండేండ్లు గట్లనే నడిచింది. నేను పూలు కడుతున్ననని భక్తులు అనుకునేది, బాపు ఆగిన కాడల్ల నేను మెల్లగ మాట అందిచ్చేది.

ఒక సోమారం పొద్దుగాల గుళ్ళె జనం లేరు. బాపు పళ్ళెం పట్టుకొని నా ముందటికొచ్చి, పరాయోళ్ళను అడిగినంత మర్యాదగ అడిగిండు.

"మీ గోత్రం చెప్పండమ్మా."

పెండ్లయినంక నా గోత్రం వేరు. ఆ పొద్దు మాత్రం తప్పని తెలిసే, "కౌశికస" అన్న.

"మాది గూడ గదేనమ్మా" అని ఆయన మొఖం విప్పారింది.

లోపటికి పోయి సంకల్పం అందుకున్నడు. చోటు కాడ తడబడ్డడు గని నేను మాట అందియ్యలే, ఆయనే దాటేసి పోయిండు. యేడు, అయనం, మాసం, పక్షం, తిథి, వారం, ఒక్కటి తప్పలే. ఇగ చాలని ఆ సాయంత్రం నేనే అన్నతోని చెప్పిన. ఇంట్ల కూసున్నంక బాపు ఏడాది గూడ ఉండలే.

నిన్న కారు గల్లీ మలుపు తిరిగినంక కొంగు ఇప్పి ఆ వత్తిని నూనెల ముంచి ఇంట్ల దీపం పెట్టిన. కాలం మా బాపు యాది నుంచి దిక్కులు తీస్కపోయింది, కన్నబిడ్డను తీస్కపోయింది, తన లెక్క మాత్రం ఆఖరిదాంక తప్పులేకుంట చెప్పిచ్చుకుంది.