బండి దిగి నడవాల్సిన దారి

పుంగనూరులో మా పక్కింటి లైన్‌మన్ మామ చనిపోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను మదనపల్లెలో నా మందుల షాపు షట్టరు ఎత్తుతున్నాను. పొద్దున కాఫీ తాగి, బండి తుడుస్తూ తుడుస్తూ మెట్టు మీద కూర్చున్నారట. మళ్ళీ లేవలేదు. నేను పుంగనూరు చేరేసరికి తుడిచిన గుడ్డ ఇంకా హ్యాండిల్ మీదే ఉంది. ఎవరికీ దాన్ని తీయాలనిపించలేదు.

ఉద్యోగమంతా కరెంటు తీగల వెంట తిరిగిన మనిషి ఆయన. తీగ ఎటు పోతే ఆయనా అటు పోవాలి కాబట్టి రోడ్డు లేని చోట్లన్నీ ఆయనకు తెలుసు. రిటైరయ్యాక ఆ దారుల్లో సరదాగా తిరగడం మొదలుపెట్టి నన్నూ వెంటేసుకున్నారు. ఆదివారం వస్తే ఆయన పాత బండి ముందు, నా కొత్త బండి వెనక. సదుం గుట్టల వెనక ఇసుక వాగు, వెంకటగిరికోట దాటాక కర్ణాటకలోకి దిగే ఎర్రమట్టి బాట, కుప్పం అవతల తమిళనాడు వైపు బండరాళ్ళు. ఎక్కడికి పోయినా పడేది నేనే. "బండి బాగుండాది నైనా, తోలేవాడే ఇంకా రావల్ల" అని నన్ను లేపేవారు.

కుప్పం అడవి అంచున ఏనుగు పేడ కనిపిస్తే ఆగి, చెప్పుతో కదిపి చూసేవారు. పచ్చిగా ఉంటే మారుమాట లేకుండా వెనక్కి తిప్పేసేవారు. "దాని దోవ అది. అది రమ్మని పిలిసేదానికి మనమేమన్నా సుట్టాలమా?"

చేను కనిపిస్తే ఇంజన్ ఆపి, దిగి, బండిని తోసుకుంటూ దాటడం ఆయన పద్ధతి. ఎండైనా, ఎగువైనా అంతే. నాకు విసుగొచ్చేది. "యాల మామా ఇంత కష్టం?" అంటే, "పోనిచ్చినారని తొక్కేస్తే ఎట్లప్పా?" అనేవారు.

కుప్పం దగ్గర కొండ వారన ఒక పెద్దామె రాగిచేను ఉంది. ఆమె గట్టు మీదుగా పోతేనే కొండబాట దొరుకుతుంది. పైనుంచి మూడు రాష్ట్రాల పొలాలూ కనిపిస్తాయి. అక్కడికి నన్ను తీసుకెళ్ళిన రోజున మామ ఒక్కటే మాట చెప్పారు. "ఈ దోవ ఫోన్లో పెట్టొద్దు నైనా. ఆయమ్మ పోనిస్తాండాది కాబట్టి పోతాండాం."

నేను పెట్టాను. దారి మొత్తం ఫోన్లో రికార్డు చేసి బైకులవాళ్ళ గ్రూపులో వేశాను. నలుగురూ మెచ్చుకుంటారని, అంతకు మించి ఏమీ లేదు. రెండు వారాలకు ఎక్కడెక్కడి బండ్లో వచ్చి పైరంతా తొక్కేసి పోయాయి. ఆమె గట్టుకు అడ్డంగా ముళ్ళకంప వేసి, రాళ్ళు దొర్లించింది.

ఆ సంగతి తెలిసి మామ ఒక్కరే వెళ్ళొచ్చారు. మా గేటు దగ్గర బండి ఆపి, "దోవ మూసేసింది నైనా ఆయమ్మ" అన్నారు. నా ముఖంలోకి చూడలేదు. "అట్లనా మామా" అని, ఏమీ ఎరగనట్టు గేటు తీశాను. ఆ తర్వాత రెండేళ్ళు వేరే దారుల్లో తిరిగాం. ఆ కొండ మాట ఇద్దరం ఎత్తలేదు. ఆయన వెనక బండి నడుపుతుంటే ఆ వీపు నన్ను ఏదో అడుగుతున్నట్టే ఉండేది.

ఆయన పోయాక ఇప్పుడూ అలాగే ఉంటోంది. ఒక్కణ్ణే పోతున్నా, మలుపు తిరగ్గానే ముందు ఎవరిదో దుమ్ము లేచినట్టవుతుంది. బ్రేకు వేసి చూస్తాను. ఎవరూ ఉండరు.

కర్మ అయిన మర్నాడు రాగిచేను పెద్దామె దగ్గరికి వెళ్ళాను. మామ మీద ఆమెకు కోపం ఉండిపోయి ఉంటే అదైనా తీర్చాలనుకున్నాను. ఆమె చేలో కలుపు తీస్తోంది. మామ పోయిన సంగతి చెప్పి, "ఫోన్లో పెట్టింది నేనమ్మా. మామకేమీ తెలీదు" అన్నాను.

ఆమె కొడవలి పక్కన పెట్టి, నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు ఆయప్ప వచ్చి, 'ఫోన్లో నేనే పెట్టినానమ్మా, తప్పైపోయింది' అనె. నోటికొచ్చినట్టు తిట్టినానప్పా. ఇంక ఈ పక్క అడుగు పెట్టొద్దంటి. ఒక్క మాట ఎదురు సెప్పలే. తలకాయ వంచుకోని పోయినాడు."

మామకు తెలుసు. మొదటినుంచీ తెలిసే రెండేళ్ళు నాతో తిరిగారు. నాకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

"యాల అట్లా సెప్పినాడో" అంది ఆమె, నన్నే అడుగుతున్నట్టు.

అప్పుడే కింద చెట్ల వెనక బండి చప్పుడు వినిపించింది. మామే వస్తున్నట్టు ఆమె గబగబా గట్టు దగ్గరికి వెళ్ళి, ఒట్టి చేతుల్తో ముళ్ళకంపను పక్కకు లాగింది. చప్పుడు ఎటో మళ్ళుకుని, కర్ణాటక వైపు సన్నగిల్లి ఆగిపోయింది. ఆమె కంపను తిరిగి అడ్డం వేయలేదు. ఆ సందు దగ్గరే నిలబడి, ఎవరూ రాని దారిని ఇద్దరం చూస్తూ ఉండిపోయాం.