ఇల్లు కనిపించే దూరంలో

శుక్రవారం సాయంత్రం పాలకొల్లు నుంచి భీమవరం వెళ్ళే బస్సులో, పక్క సీటు ఆవిడకి రొయ్యల పకోడీ ఇవ్వబోయాను.

“వద్దండి. మా చెరువులో పెంచేది రొయ్యలేగానీ, తినం. మేం యూదులమండి, మాకు కూడదు.”

మాది అనంతపురం. ఇక్కడ యూదులుంటారని నేనెరగను. వాళ్ళ పూర్వీకులు దేశం పోగొట్టుకుని చెదిరిపోయారట, ఆచారాలన్నీ మరిచిపోయారట. తాము మళ్ళీ మొదలుపెట్టి మూడేళ్ళయిందట.

పొద్దు వాలుతుంటే ఆవిడ కంగారుగా లేచి బస్సు ఆపించింది.

“మీ ఊరొచ్చిందా అమ్మా?” అనడిగాను.

“లేదండి. అదిగో, ఆ కొబ్బరితోట వెనకాల మా ఇల్లు. పొద్దుగూకితే మా విశ్రాంతి దినం మొదలండి, బండిలో ఉండకూడదు.”

“నడవచ్చా మరి?”

“ఎక్కువ దూరం నడవకూడదంటండి. ఎంతయితే ఎక్కువో మాలో ఎవరికీ తెలీదు. అడుగుదామంటే, తెలిసినోళ్ళు మిగల్లేదు కదండి.”

దిగి చెరువు గట్టు మీద గబగబా నడిచింది. ఎవరో ఎక్కుతుంటే బస్సు ఇంకాస్త ఆగింది. అంతలో సూర్యుడు దిగిపోయాడు. ఆవిడ ఉన్నచోటే ఆగి, తోటవైపు చూస్తూ నిలబడిపోయింది.

“ఫర్వాలేదు, వెళ్ళిపోండి” అని కిటికీలోంచి కేకెయ్యబోయాను. ఫర్వాలేదని నాకు మాత్రం ఎవరు చెప్పారు?