జాదూ ఘర్‌కు తీసుకెళ్లిన పెద్దబాపు

నా చిన్నప్పుడు, వరంగల్‌లో మా ఇంటికి కొంత దూరంలో, ఎప్పుడూ కిటికీలు మూసి ఉండే బంగ్లా ఒకటి ఉండేది. అందరూ దాన్ని జాదూ ఘర్, అంటే మాయల ఇల్లు, అనేవారు. లోపల తలలు నరుకుతారని, అక్కడి సంగతి బయట చెప్పినవాడు నెత్తురు కక్కుకుని చస్తాడని పక్కింటి అక్క చెప్పింది. మా నాన్నకు అన్న, మా ఇంట్లోనే ఉంటూ బట్టల దుకాణం నడిపే మా పెద్దబాపు, అందులో చేరాడని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన తోలు సంచి తెరిచి చూశాను. తెల్లటి చేతి తొడుగులు, నడుముకు కట్టుకునే తెల్లటి తోలు గుడ్డ ఉన్నాయి. నెత్తురు అంటకుండా కట్టుకునేదే అనుకున్నాను. సంచిని మగ్గం గదిలో నూలు గంప అడుగున దాచేశాను. సాయంత్రం ఆయన ఇల్లంతా వెతుకుతుంటే ఇక ఆగలేక ఏడ్చేశాను.

"పోకు పెద్దబాపూ, నీ తలకాయ గోస్తరు!"

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఆ రోజు బంగ్లాలో జరిగే మీటింగ్ మానుకున్నాడు. మరునాడు పొద్దున్నే నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఆ బంగ్లాకే తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఆయన చొక్కా వదల్లేదు.

తలుపు పక్కన నిజంగానే కత్తి ఉంది. కెవ్వుమన్నాను. ఆయన దాని అంచు మీద తన వేలు గీసి చూపించాడు. పదును లేదు. కాపలాకు గుర్తుగా పెట్టేదట. లోపల నలుపు తెలుపు గళ్ల నేల. బల్ల మీద గీత, ఖురాన్, బైబిల్, వాటి పక్కన మేస్త్రీల మూలమట్టం, వృత్తాలు గీసే కంపాసు.

"ఎనుకట ఇంగ్లండు దిక్కు పెద్ద పెద్ద చర్చిలు కట్టిన రాతి మేస్త్రీలు జట్లు కట్టుకున్నరు బిడ్డా. ఆ తోలుగుడ్డ వాళ్లదే," అన్నాడు.

తర్వాత రాతిపని తెలియని పెద్దమనుషులూ ఆ జట్లలో చేరారట. లండన్‌లో కొన్ని జట్లు కలిసి ఒక సంఘమయ్యాయట. ఫ్రీమేసన్లంటే వీళ్లే, ఈ బంగ్లా కూడా వాళ్లదేనట. దేవుణ్ణి నమ్మాలి, ఏ దేవుడైనా సరే. లోపల మతం గురించీ రాజకీయం గురించీ వాదించుకోకూడదు. తోటివాణ్ణి అన్నదమ్ముడిలా చూడాలి, కష్టంలో ఆదుకోవాలి, నిజం పలకాలి.

"ఒకరినొకరు గుర్తువట్టే సైగలు మాత్రం చెప్ప. మాటిచ్చిన."

భయం సగమే దిగింది. అయినా నేనూ చేరవచ్చా అని అడిగాను.

"ఆడోళ్లను తీసుకోరు బిడ్డా. ఎందుకో నాకు గూడ సమజ్ గాలె."

తెలిసింది చెప్పాడు, చెప్పకూడనిది చెప్పనన్నాడు, తెలియనిది తెలియదన్నాడు. తొమ్మిదేళ్ల పిల్లకు అంత మర్యాద ఇచ్చిన మరో మనిషిని నేను చూడలేదు. ఇప్పటికీ ఏ పిల్లయినా భయపడి నా దగ్గరికి వస్తే, ఏమీ లేదులే అని కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. లేచి, చెప్పులేసుకుని, పద చూద్దాం అంటాను.