చూడని వాన

వాతావరణ కార్యాలయంలో ఆమెను అందరూ అంకెలక్క అనేవాళ్లు. పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. చుట్టుపక్కల ఊళ్లలో వానని కొలిచే గేజీల నుంచి వచ్చే అంకెలను సరిచూసి కంప్యూటర్లో ఎక్కించడం ఆమె పని. కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. నిన్న వాన పడిందని ఆమెకు ఇవాళ కాగితం చూస్తే తెలిసేది.

కార్యాలయం వెనక గుట్ట మీది గేజిని చూసే ముసలాయన వానతాత. ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. మూడు నెలలు ఆ పని అంకెలక్క చూడాలని ఆఫీసరు కాగితం ఇచ్చాడు.

"నా వల్ల కాదండీ. కాళ్లు వణుకుతాయి."

"రెండు వందల మెట్లేగా అమ్మా. ఆకాశానికి నిచ్చెనేం వేయమనట్లేదు."

కాళ్లమాట అబద్ధం. వీపు వెనక గోడ లేకపోతే ఆమెకు ఊపిరాడదు. చిన్నప్పుడు పిన్నితో కలిసి పొద్దంతా గుట్టలమ్మట తిరిగి, ఆకలేస్తే గానీ ఇల్లు చేరని పిల్ల. అది ఏ ఏడు మానేసిందో, ఈ భయం ఎప్పుడు వచ్చి కూర్చుందో ఆమెకే తెలియదు.

వానతాత కాలు స్టూలు మీద పెట్టుకుని పని చెప్పాడు. "కొలత గ్లాసుని బల్లపరుపు చోట పెట్టు. నిలబడి చూస్తే ఎక్కువ కనిపిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని చూడు. ఇంకోటమ్మా. చూడని వానని రాయకు. ఒకరోజు వెళ్లలేకపోయావా, గీత గీసి వదిలెయ్. మర్నాడు రెండు రోజులదీ కలిపి ఉందని రాయి. నీ అంతట నువ్వు పంచావో, అది వాన కాదు, వంట."

మొదటి వారం ఆమె తన చెప్పుల వంకే చూస్తూ ఎక్కి, చూస్తూ దిగింది. రెండో వారంలో గేజి గరాటాలో తడిసి పడి ఉన్న మిడతను తీసి గడ్డి మీద పెట్టి, అది కాళ్లు విదిల్చేదాకా కదల్లేదు. మూడో వారంలో ఒకరోజు, పని అయిపోయాక కూడా రాయి మీద కూర్చుంది. దూరాన ఇళ్ల కప్పులు ఒక్కో వరసే నల్లబడుతున్నాయి. వాన నడిచి వస్తోంది. మొహం మీద మొదటి చినుకు పడేదాకా అలాగే చూసింది.

"ఏమ్మా, ఇంట్లో తలుపులు కూడా బార్లా తీసి పెడుతున్నావు" అంది అత్తగారు. "గుట్టని వెంటబెట్టుకొచ్చావా ఏంటి?"

నాలుగో వారం బుధవారం మబ్బు కిందికి దిగింది. సగం దూరం ఎక్కేసరికి ముందు మెట్టు లేదు, వెనక మెట్టు లేదు. గోడ కోసం వెనక్కి చెయ్యి చాపింది, గాలే తగిలింది. ఎలా దిగిందో ఆమెకు గుర్తు లేదు. తొమ్మిదిలోపు అంకె పై ఆఫీసుకు వెళ్లాలి. ఆఫీసు పెరట్లో వానకి నిండుతున్న బకెట్ వైపు చూసి 9.4 అని రాసేసింది.

గురువారం గేజిలో ముప్పై ఒక మిల్లీమీటర్లున్నాయి. నిన్న రాసిన 9.4 తీసేస్తే ఇవాళ్టిది 21.6. కానీ నిన్న పొద్దుటి నుంచి ఆకాశం కాస్త చెమర్చిందంతే. పక్క గేజీల్లో ఇవాళ రెండూ, మూడూ. ఇలాంటి అంకె వేరేచోటు నుంచి వస్తే ఆమె ఫోన్ చేసి, "మీ పెరట్లో ఒక్కచోటే కురిసిందా నాయనా?" అని దులిపేది. ఇప్పుడు దులిపేవాళ్లు లేరు. తప్పులు పట్టేది తనే.

చెబితే మళ్లీ కుర్చీలో కూర్చోబెడతారు. నెల కిందటైతే అదే వరమనుకునేది. ఇప్పుడు రాయి మీద కూర్చుని చూసిన వాన గుర్తొచ్చింది. తొమ్మిది కావొచ్చేదాకా కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని ఉండిపోయింది. తర్వాత లేచి ఆఫీసరు గదిలోకి వెళ్లి అంతా చెప్పింది.

"చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా" అన్నాడాయన.

"నాకు తెలుసుగా అండీ."

"భయమున్న మనిషిని పంపడం నాదే పొరపాటు. రేపట్నుంచి అటెండరు వెళ్తాడు. మీరు హాయిగా నీడపట్టున కూర్చోండి."

"వద్దండీ. నేనే వెళ్తాను."

"అప్పుడు పోనన్నదీ మీరే, ఇప్పుడు పోతానన్నదీ మీరే. మబ్బు దిగిన రోజు కూడా ఎక్కుతారా?"

ఎక్కుతానని నోటిదాకా వచ్చింది. "తెలీదండీ" అంది. "ఎక్కలేకపోతే గీత గీస్తాను. బకెట్ మాత్రం చూడను."

ఆయన 9.4 కొట్టేసి గీత గీసి, ముప్పై ఒకటి రెండు రోజులదని రాసి, పక్కన సంతకం పెట్టాడు. "ఈ నెలలో ఇంకొక్క గీత పడితే అటెండరే. పై ఆఫీసుకి నేను జవాబు చెప్పుకోలేను."

సోమవారం మళ్లీ మబ్బు దిగింది. సగం దూరంలో చెయ్యి మళ్లీ గోడ కోసం వెనక్కి వెళ్లింది. దిగిపోదామని తిరిగింది, దిగే మెట్టూ కనిపించలేదు. అక్కడే కూర్చుని, అరచేతులు తడి రాతికి ఆనించి, ఊపిరి కోసం తడుముకుంది. తడిసిన మట్టి వాసన వస్తోంది. వాచీలో ఎనిమిదీ పద్దెనిమిది. ఎనిమిదిన్నరకల్లా చూడాలి. చేత్తో పై మెట్టు తడిమింది. ఉంది. దాని మీదికి జరిగి, మరోదాన్ని తడిమింది.

గేజి కంటికి కనిపించకముందే దాని చల్లటి అంచు చేతికి తగిలింది. ఆ అంచుని రెండు చేతులా పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. గేజిలోని నీళ్లు గ్లాసులోకి ఒంపి, అవి కదలకుండా నిలిచేదాకా ఆగి, ఆమె గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుంది.